అమ్మ కోసం తెలుగులో మ్యూజియం గైడ్ రికార్డ్ చేశాను

మ్యూజియంలో ఫోన్ బయటికి తీస్తే చాలు, "ఇంత దూరం వచ్చింది వాటిని చూడ్డానికా, ఫోన్ చూసుకోడానికా" అంటారు మా నాన్న. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఎదురుగా ఉన్న విగ్రహం మీద అలా ఒక చూపు పడేసి, ఆ తర్వాత అదే విగ్రహం ఫొటోని స్క్రీన్ మీద వేళ్లతో పెద్దది చేసుకుంటూ నిలబడేవాళ్లు ఏ మ్యూజియంకి వెళ్లినా కనిపిస్తారు. అయినా నేను మాత్రం ఆడియో గైడ్ ఉన్న ప్రతిచోటా తీసుకుంటాను, విడిగా డబ్బులు కట్టాల్సొచ్చినా సరే, ఎందుకంటే మంచి గైడ్ దొరికిన రోజు నా అంతట నేను తిరిగితే కంటపడని వాటిని కూడా చూసి బయటికి వస్తాను. గైడ్ మంచిదా కాదా అనడానికి నా లెక్క ఒక్కటే: అది వింటున్నంతసేపూ నా కళ్లు ఎక్కడున్నాయి? వస్తువు మీద ఉంటే మంచిది. స్క్రీన్ మీద ఉంటే ఎంత ఖర్చుపెట్టి చేసిన యాప్ అయినా దండగే.

ఇవి నిన్నమొన్న వచ్చినవేమీ కావు. 1952లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో సందర్శకుల చేతికి చిన్న రేడియో రిసీవర్లు ఇచ్చి, మ్యూజియం లోపలి వరకే వినిపించేలా వ్యాఖ్యానం ప్రసారం చేశారు. ప్రసారం కాబట్టి ఆపుకోవడానికీ, వెనక్కి తిప్పుకోవడానికీ వీల్లేదు, అందరికీ ఒకే క్షణంలో ఒకే మాట వినబడేది, అందుకని గుంపంతా కలిసే చూసి కలిసే పక్క బొమ్మకి కదలాల్సి వచ్చేది. తర్వాత క్యాసెట్లు వచ్చాయి, నంబరు నొక్కితే ఆ వస్తువు గురించి చెప్పే పొడవాటి పరికరాలు వచ్చాయి, 2000ల మొదట్లో చేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్లు వచ్చాయి. 2002లో లండన్‌లోని టేట్ మోడర్న్ అలాంటి వాటితోనే మల్టీమీడియా టూర్ మొదలుపెట్టింది. 2012లో ప్యారిస్‌లోని లూవ్ర్ అయితే ఏకంగా పిల్లలు గేమ్స్ ఆడుకునే నింటెండో 3డీఎస్‌నే ఆడియో గైడ్‌గా మార్చి సందర్శకుల చేతిలో పెట్టింది. ఇప్పుడు చాలాచోట్ల మన ఫోనే గైడ్, గోడ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేసుకోవడమే.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చిన ఆలోచన మాత్రం ఆస్ట్రేలియాలో టాస్మేనియా ద్వీపంలోని హోబార్ట్‌లో, 2011లో తెరిచిన మోనా అనే మ్యూజియంది. అక్కడ గోడల మీద లేబుళ్లే లేవు. పేరు లేదు, సంవత్సరం లేదు, ఏమీ లేదు. దాని బదులు 'ది ఓ' అని ఒక చేతి పరికరం ఇచ్చారు, అది మీరు ఎక్కడ నిలబడ్డారో పసిగట్టి చుట్టుపక్కల ఏమేం ఉన్నాయో చూపిస్తుంది, కావాలంటే నొక్కి తెలుసుకోవచ్చు, లేదంటే ఊరికే చూసి వెళ్లిపోవచ్చు. మామూలుగా మనం ఏం చేస్తాం? గదిలోకి అడుగుపెట్టగానే ముందు లేబుల్ చదువుతాం, పేరు, శతాబ్దం తెలిశాక తల ఎత్తి ఒకసారి చూస్తాం, "ఓహో" అనుకుని పక్కకి వెళ్తాం. లేబుల్ లేకపోతే వేరే దారి లేక ముందు కళ్లే పనిచేయాలి. ఆ తర్వాతే ప్రశ్న పుడుతుంది.

మన సాలార్‌జంగ్ మ్యూజియంలో కూడా ఒక అద్భుతమైన గైడ్ ఉంది, దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. ఒకే కొయ్యలో ముందువైపు మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యాన్ని, వెనకవైపు మార్గరెటా అనే అమ్మాయిని చెక్కిన విగ్రహం గుర్తుందా? దాని వెనక నిలువుటద్దం పెట్టారు చూడండి, అది ఒక్క మాట కూడా మాట్లాడకుండా మన చూపుని ఎక్కడికి తీసుకెళ్లాలో అక్కడికి తీసుకెళ్తుంది. చదువు రాని పిల్లలు కూడా అక్కడ ఆగిపోతారు. చెవిలో చెప్పే గైడ్ కూడా ఆ అద్దం చేసే పనే చేయాలని నా కోరిక.

ఇక అసలు విషయానికి వస్తాను. అమ్మా నాన్నా నా దగ్గరికి ఇంగ్లండ్ వచ్చినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి రాళ్లు చూపించాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. మాది గుంటూరు వైపు పల్లెటూరు. అమ్మ అమరేశ్వరస్వామి గుడికి చిన్నప్పటి నుంచీ వెళ్తూనే ఉంది, కృష్ణలో స్నానం, దర్శనం, తిరిగి బస్సు, అంతే, పక్కనే ఉన్న పాత బౌద్ధ స్తూపం దిబ్బ దగ్గర ఎప్పుడూ ఆగింది లేదు, ఆగినా అక్కడ ఆవిడకి చెప్పేవాళ్లు లేరు. ఆ స్తూపానికి చుట్టూ ఉండాల్సిన పలకలు చాలా వరకు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్‌లో ఉన్నాయి. లండన్‌లో అయితే 33ఏ నంబరు గదిలో, గాజు గోడ వెనక. పల్నాడు సున్నపురాయి ఇక్కడి గాలికి తట్టుకోలేదని ఆ గదిలో వాతావరణాన్ని అదుపులో పెట్టి ఉంచుతారు.

బ్రిటిష్ మ్యూజియం ఆడియో గైడ్ మంచిదే. నేను వాడాను, గొంతులు బాగుంటాయి, తొందరపెట్టదు. కానీ అందులో తెలుగు లేదు, అమ్మకి ఇంగ్లిష్ వింటే అర్థమయ్యేది సగమే. నేను పక్కనుండి చెప్తూ తిరగొచ్చు, నిజమే, కానీ నిశ్శబ్దంగా ఉండే గదిలో గట్టిగా చెప్పలేను, గుసగుసగా చెప్తే అమ్మకి వినపడదు, పైగా మనిషి పక్కన నిలబడి చెప్తుంటే వినేవాళ్లు మర్యాద కోసం మన మొహం వైపే చూస్తారు కానీ రాయి వైపు చూడరు. అదే చెవిలో గొంతు అయితే చూడ్డానికి మొహం ఉండదు. అందుకని నేనే తెలుగులో రికార్డ్ చేసి పెట్టాను. ఫోన్‌లో మామూలుగా ఉండే రికార్డర్, ఇంట్లో తలుపులేసుకుని కూర్చున్న గది, అంతే సామగ్రి.

మ్యూజియం వెబ్‌సైట్‌లో వస్తువుల వివరాలన్నీ ఉంటాయి, ఒక్కో రాయికి ఒక్కో పేజీ, దగ్గరగా తీసిన ఫొటోలతో సహా. వాటిని ముందు పెట్టుకుని, చేతికందినంత సమాచారమంతా చెప్పెయ్యాలనే ఆశని పక్కన పెట్టి, ఒక్కో రాయికి ఒకటిన్నర నిమిషం మించకుండా రాసుకున్నాను. ప్రతి రికార్డింగూ ఎక్కడ నిలబడాలో చెప్పడంతో మొదలవుతుంది. సంవత్సరాలు, రాజుల పేర్లు చివర్లోనే, అదీ ఉంటే ఉన్నట్టు లేకపోతే లేదు.

ఒక రాయి గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే గైడ్ ఎందుకు కావాలో ఆ ఒక్క రాయి చాలు. అది బుద్ధుడి పుట్టుక కథ చెక్కిన పలక. నాలుగు గళ్లు, పైన రెండు, కింద రెండు. మనకి అలవాటు ఎడమ నుంచి కుడికి కాబట్టి పైన ఎడమవైపు నుంచి మొదలుపెడతాం, కథ అర్థం కాదు, ఏదో రాజు, ఏదో దర్బారు అనుకుని వెళ్లిపోతాం. నిజానికి ఆ కథ కుడివైపు నుంచి నడుస్తుంది. నేను రికార్డ్ చేసింది దాదాపు ఇలా ఉంటుంది:

"అమ్మా, రాయికి సరిగ్గా ఎదురుగా నిలబడు. పైన కుడివైపు గడి చూడు. మంచం మీద ఒకావిడ పడుకుని ఉంది కదా, ఆవిడే మాయాదేవి. తెల్ల ఏనుగు తన కడుపులోకి వచ్చినట్టు కలగంటోంది. ఇప్పుడు దాని పక్కనే ఎడమవైపు చూడు, రాజుగారు ఆ కలకి అర్థం ఏమిటని అడుగుతున్నారు. సరే, ఇప్పుడు కింద కుడివైపుకి రా. మాయాదేవి చెట్టు కింద నిలబడి, చెయ్యి పైకెత్తి ఉంది. బిడ్డ పుట్టాడు. పక్కన దేవతలు పొడుగాటి గుడ్డ పట్టుకున్నారు చూశావా, ఆ గుడ్డలో బిడ్డ ఎక్కడున్నాడో వెతుకు."

ఇక్కడ నేను ఏమీ మాట్లాడకుండా కాసేపు వదిలేశాను. రికార్డింగ్‌లో ఖాళీ. ఇదే ముఖ్యం అని నా నమ్మకం, చాలా ఆడియో గైడ్లలో ఇది ఉండదు, వెనకాల సంగీతం పెట్టి మరీ ఆ ఖాళీ నింపేస్తారు. వెతకమని చెప్పి వెతకడానికి టైమ్ ఇవ్వకపోతే ఎలా? ఆ తర్వాత మళ్లీ నా గొంతు వస్తుంది: "బిడ్డ కనపడలేదు కదా. గుడ్డ మీద చిన్న చిన్న పాదాలు చూడు."

ఆ కాలంలో అక్కడి శిల్పులు చాలా చోట్ల బుద్ధుడిని మనిషి రూపంలో చెక్కలేదు. ఖాళీ ఆసనం, చెట్టు, పాదాలు, ఇవే ఆయన గుర్తులు. ఈ సంగతి లేబుల్‌లో ఒక వాక్యంగా చదివితే తలకెక్కుతుంది కానీ మనసుకెక్కదు. బిడ్డ కోసం గుడ్డంతా వెతికి, పాదాలు దొరికిన మనిషికి మాత్రం అది ఇక మర్చిపోయే విషయం కాదు.

వెళ్లిన రోజు అమ్మ ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుంది (రెండో చెవి ఖాళీగా ఉంచమని నేనే చెప్పాను, లేకపోతే పిలిచినా వినపడదు, ఎవరైనా వెనకనుంచి దాటబోతున్నా తెలియదు). ఫైళ్లన్నీ ముందురోజే వాట్సాప్‌లో పంపి, ఇంట్లోనే డౌన్‌లోడ్ చేయించాను. అమ్మ ఆ పలక ముందు నిలబడి వింటోంది, నేను కాస్త దూరంలో ఉన్నాను. రాయి దగ్గరికి వంగింది. ఖాళీ వచ్చిన చోట కళ్లు చికిలించి ఆ గుడ్డ వెంబడి చూపు నడిపించడం నాకు స్పష్టంగా కనిపించింది. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఇవి మనం కృష్ణాష్టమికి గడప నుంచి దేవుడి గది దాకా వేసే పాదాల్లా ఉన్నాయే" అంది.

ఏ పుస్తకం చదివినా నాకు తట్టని మాట అది. బిడ్డ వచ్చాడని చెప్పడానికి బిడ్డని గీయక్కర్లేదు, పాదాలు వేస్తే చాలు అని మా అమ్మకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. కిందివరుసలో ఎడమవైపు గడిలో బిడ్డని కులదేవత దగ్గరికి తీసుకొస్తారు, అక్కడా గుడ్డ మీద పాదాలే, వింత ఏమిటంటే ఆ దేవతే వంగి బిడ్డకి దండం పెడుతుంది. ఆ గడి గురించి నేను చెప్పేలోపే అమ్మ చూసేసింది, "దేవుడే మొక్కుతున్నాడు చూడు" అని నాన్నని పిలిచి చూపించింది. అంటే అప్పటికే ఆవిడకి గైడ్ అక్కర్లేదన్నమాట. నాకు కావాల్సింది అదే.

నాన్న ఇయర్‌ఫోన్ పెట్టుకోనన్నారు, సరే అన్నాను. ఆయన ఆగిపోయిన రాయి వేరే. రెండువైపులా చెక్కిన పలక ఒకటుంది. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు చెక్కడం, చెట్టు, ఖాళీ ఆసనం, చుట్టూ దండం పెడుతున్న జనం. రెండోవైపు క్రీస్తుశకం 3వ శతాబ్దపు చెక్కడం, మొత్తం స్తూపమే, ద్వారం దగ్గర సింహాలు, పైన వరుసగా ఐదు స్తంభాలు. అంటే దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత పాత పలకనే తిప్పి, వెనకవైపు కొత్తగా చెక్కారు. "రాయి పారెయ్యలేదన్నమాట" అన్నారు నాన్న, చాలా తృప్తిగా. ఆ తర్వాత ఇటువైపు నుంచి అటువైపు, అటు నుంచి ఇటు ఎన్నోసార్లు తిరిగి, రెండువైపుల పనితనాన్నీ పోల్చి చూశారు. పాతవైపు బొమ్మలు తక్కువ లోతుతో నిటారుగా ఉంటాయి, కొత్తవైపు సందు లేకుండా మనుషులు, కదలిక. ఇంటికొచ్చాక మాత్రం ఆ ఫైల్ అడిగి విన్నారు.

ఆ రాళ్లు లండన్ దాకా ఎలా వచ్చాయో విడిగా ఒక రికార్డింగ్‌లో పెట్టాను, బయటికొచ్చి కూర్చున్నాక వినమని చెప్పాను. అది ముందు వింటే కోపంతో చూస్తారు, రాళ్లు కనపడవు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చి ఊరు కట్టించేటప్పుడు ఆ దిబ్బలోంచి ఇటుకలూ రాళ్లూ తీయించారు, ఆ కాలంలోనే ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి తన మనుషులతో బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపించాడు, 1859లో అవి ఓడెక్కి లండన్ చేరాయి, అక్కడ సరైన చోటు లేక ఏళ్ల తరబడి పడి ఉండి 1880లో బ్రిటిష్ మ్యూజియంకి వచ్చాయి. అమ్మ అంతా విని, "మనకి తిరిగివ్వరా మరి" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ఇవ్వాలనే నా అభిప్రాయం కూడా. ఇచ్చేదాకా అయినా, ఆ ఊరి భాషలో వినడానికి ఆ గదిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

మీరు ఎవరికైనా ఇలా చేసి పెట్టాలనుకుంటే కొన్ని చెప్తాను. ఎక్కువ వస్తువులు పెట్టొద్దు. పెద్దవాళ్లు నిలబడగలిగే టైమ్ ఎంతో మీకే తెలుసు, దానికి తగ్గట్టు ఎంచుకోండి, మధ్యలో కూర్చునే చోటు ఎక్కడుందో ముందే చూసుకోండి. ఫైళ్ల పేర్లు 1, 2, 3 అని వరుసగా పెట్టండి. టెక్స్ట్ పెట్టి కంప్యూటర్ గొంతుతో చదివించే వీలు ఇప్పుడు ఉంది, నేనూ విని చూశాను, కానీ సొంత గొంతుకి సాటిరాదు, "అమ్మా, కొంచెం వంగు" అని కూతురు చెప్తే వంగినట్టు మెషిన్ చెప్తే ఎవరూ వంగరు. ఫోన్ ఫుల్ చార్జింగ్‌లో ఉండాలి, ఇది మరీ చిన్న విషయం అనిపించొచ్చు కానీ ఒక పెద్ద మ్యూజియంలో నాకు అద్దెకిచ్చిన పరికరం సగం దారిలోనే ఆగిపోయింది, మార్చుకోవాలంటే మళ్లీ గేటు దాకా వెళ్లి క్యూలో నిలబడమన్నారు, ఆ రోజు మిగతా గదులు చూడాలన్న ఉత్సాహమే పోయింది.

ఇంకోటి, అన్నిచోట్లా ఇవి పనికిరావు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లోరటోరియం లాంటి సైన్స్ మ్యూజియంలో ప్రతిదీ చేత్తో తిప్పి, లాగి, నొక్కి చూడాల్సిందే, 2000ల మొదట్లో వాళ్లు చేతి పరికరాలు ఇచ్చి చూస్తే ఒక చెయ్యి దానికే సరిపోయి ఆట అడ్డం తిరిగింది. పిల్లలతో వెళ్లినప్పుడు కూడా అంతే, నలుగురికీ నాలుగు హెడ్‌ఫోన్లు తగిలిస్తే నలుగురూ నాలుగు లోకాల్లో ఉంటారు. పిల్లలకి వినిపించే కంటే, మీరు ముందుగా విని వెళ్లి "ఇందులో పాదాలు ఎక్కడున్నాయో ఎవరు ముందు కనుక్కుంటారు" అని పందెం వేయడం నయం.

మన దగ్గర ఇలాంటిది ముందుగా రావాల్సిన చోటు నాగార్జునకొండ అని నాకు గట్టిగా అనిపిస్తుంది. సాగర్ నుంచి లాంచీలో ద్వీపానికి వెళ్తాం, లాంచీ వెనక్కి వెళ్లే టైమ్ మెడ మీద ఉంటుంది, ఆ కాసేపట్లో జనం గబగబా ఒక రౌండ్ వేసి, సెల్ఫీలు దిగి వచ్చేస్తారు. అవి ఇక్ష్వాకుల విజయపురి రాళ్లని, డ్యామ్ నీళ్లలో ఆ లోయ మునిగిపోయేలోపు 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలని ఊడదీసి పైన మళ్లీ నిలబెట్టారని లాంచీలోనే చెవిలో చెప్పొచ్చు. ప్రయాణం టైమ్ అంతా ఖాళీయే కదా. లోపలికి అడుగుపెట్టాక మాత్రం చూడాల్సిన రాళ్లు కొన్నే, ఎక్కడ నిలబడాలో, ఏ మూల నుంచి మొదలుపెట్టాలో చెప్పే చిన్న చిన్న మాటలు. పెద్ద యాప్ అక్కర్లేదు, ఇంటర్నెట్ లేకుండా పనిచేసే ఫైళ్లు చాలు, లాంచీ ఎక్కే చోట క్యూఆర్ కోడ్ పెడితే అక్కడే దించుకుంటారు. తెలుగు లెక్చరర్లు, రిటైరైన హిస్టరీ మాస్టార్లు, మంచి గొంతున్న రేడియో అనౌన్సర్లు మన జిల్లాల్లో కొదవా?

నేను ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియం కోసం రాస్తున్నాను, ఈసారి సెలవులకి వచ్చినప్పుడు అమ్మని అక్కడికి తీసుకెళ్లాలి. నలగిరి ఏనుగుని బుద్ధుడు శాంతపరిచిన గుండ్రటి శిల్పంతో మొదలుపెట్టాను. ఒకే చట్రంలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది, ఒకచోట జనాన్ని తొక్కుతూ, ఇంకోచోట ఆయన ముందు మోకాళ్ల మీద వంగి. మొదటి వాక్యం "అమ్మా, ఇందులో ఏనుగులు ఎన్ని ఉన్నాయో చూసి చెప్పు" అని రాసుకున్నాను, ఆ తర్వాత ఎంతసేపు ఖాళీ వదలాలో ఇంకా తేల్చుకోలేదు. ఈ మధ్య ఆ గ్యాలరీకి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ శిల్పం ముందు వెలుతురు ఎలా ఉంది, పెద్దవాళ్లు కూర్చోడానికి దగ్గర్లో ఏమైనా ఉందా, కొంచెం చెప్పండి.